భట్టీకి బొట్టు పెట్టిన రోజు

ఫిబ్రవరి 9, సోమవారం

మన డ్రోన్ ఒకటి సముద్రంలో పడిపోయింది. ఆఫ్రికా పక్క. అక్కడ ఓడ దొంగలు ఒక సరుకు ఓడని పట్టుకుంటే మన నేవీ వెళ్లింది. ఓడలో పనిచేసేవాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు. పైనుంచి కనిపెట్టుకుని తిరుగుతున్న డ్రోన్ ఉన్నట్టుండి పక్కకి ఒరిగి నీళ్లలో పడిందట. టీవీలో యాంకర్ గొంతు చించుకుంటున్నాడు, కూల్చిందెవరు, వెనకున్న దేశమేది అని. అమ్మ కూర మాడుతున్నా లేవకుండా చూస్తోంది. ఆలెవులో ఆల సేతులిరిగిపోను అని తిడుతోంది.

నేను తిట్టలేదు. ఆ మోడల్ డ్రోన్ తోక రెక్కని తిప్పే అల్యూమినియం ఆర్మ్ మా షాపులోనే తయారవుతుంది. అరచేతిలో పట్టేంత ముక్క. దాని కొలతలు చూసి ఓకే స్టాంపు కొట్టేది నేను.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1.40, షాపులో

మెయిల్ వచ్చింది. మేము ఆర్మ్‌లు పంపేది బెంగళూరు కంపెనీకి. వాళ్లు డ్రోన్ కట్టి నేవీకి ఇస్తారు. అదే బ్యాచ్‌లో ఇంకో డ్రోన్ విప్పి చూస్తే తోక ఆర్మ్‌లో బీట కనిపించిందట. ఆర్మ్ మీద నంబర్ లాట్ 41. ఆ లాట్ హీట్ ట్రీట్‌మెంట్ రికార్డు తీసి పెట్టండి, పద్దెనిమిదిన మా ఆడిటర్ వస్తారు అని రాశారు.

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటాను. లేకపోతే వారం తిరిగేసరికి నేనే మర్చిపోయినట్టు నటిస్తాను.

కోసిన ముక్కని ఓవెన్‌లో నూట ఇరవై డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటలు ఉంచాలి. అప్పుడే గట్టిపడుతుంది. ఆ ఓవెన్‌ని షాపులో అందరూ భట్టీ అంటారు. కిందటి సెప్టెంబర్ 12న భట్టీ కాయిల్ కాలిపోయింది. కొత్త కాయిల్ 22న వచ్చింది. లాట్ 41 పంతొమ్మిదినే లారీ ఎక్కేసింది. అంటే ఆ ముక్కలు భట్టీ మొహమే చూడలేదు.

భట్టీ ఆపరేటర్ అసిరయ్య మావయ్య వద్దని మొత్తుకున్నాడు. పచ్చి ముక్కలు బాబూ, పంపితే పాపం సుట్టుకుంటాది అన్నాడు. ఆ మాటలు తెలుగు రాని మా యజమాని సూరజ్‌కి నేనే హిందీలో చెప్పాను. సూరజ్ నవ్వాడు. డెలివరీ తేదీ దాటితే ఆర్డర్ పోతుంది, అల్యూమినియానికి పాపం పుణ్యం ఏమిటి అన్నాడు. నేను కొలతల రిపోర్టు మీద సంతకం చేసి, హార్డ్‌నెస్ కాలమ్ ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలితే నా చేతికి మట్టి అంటదనుకున్నాను. ఎంత తెలివో!

ఫిబ్రవరి 11

సూరజ్ కేబిన్‌కి పిలిచాడు. భట్టీ పాత రిజిస్టర్ కనిపించడం లేదట. ఎలా కనిపిస్తుంది? పొద్దున్న అది ఆయన కారు డిక్కీలోకి వెళ్లడం నేను చూశాను. కొత్త రిజిస్టర్ నా ముందుకి తోశాడు. బేటీ, నీ రైటింగ్ సాఫ్‌గా ఉంటుంది, ఆగస్టు నుంచి అంతా రాసెయ్, లాట్ 41కి పదహారు పద్దెనిమిది మధ్యలో ఏదో ఒక తేదీ వెయ్ అన్నాడు. సెలవు అడిగిన రోజు నేను మేడమ్‌ని. దొంగ పని పడితే బేటీని. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

రాయకపోతే ఏమవుతుందని అడిగాను. సొరుగు లాగి నా కొలతల రిపోర్టు తీశాడు. ఖాళీ కాలమ్ మీద వేలు పెట్టాడు. తర్వాత నా సంతకం మీద పెట్టాడు. ఇది చూసి కూడా స్టాంపు కొట్టింది ఎవరు బేటీ అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. రాసేయ్ అంది. పెద్దోళ్లతో మనకేటే, నీ ఉద్యోగం మీదే గదా మనం బతుకుతన్నాం అంది. ఆవిడ మీద అరిచాను. అన్నం తినకుండా ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఫిబ్రవరి 12

రాశాను. కానీ ఎలా రాశానో చూడు!

లాట్ 41కి ఎదురుగా సెప్టెంబర్ 17 అని వేశాను. పొద్దున ఎనిమిదికి భట్టీ లోపలికి, పద్దెనిమిది పొద్దున ఎనిమిదికి బయటికి.

సెప్టెంబర్ 17 విశ్వకర్మ పూజ. ఈ హిందీ ఊళ్లో ఆ రోజు పంక్చర్ వేసేవాడు కూడా పానా ముట్టుకోడు. ఆటోలకి దండలు, లేత్‌లకి బొట్లు, వీధివీధికీ మైకు. ఊళ్లో ఉన్న పెద్ద ఉక్కు ప్లాంటులో కొలుములు ఆగవు, అది వేరే సంగతి. మాలాంటి షాపుల్లో మెయిన్ స్విచ్ దించేసి దానికి కూడా బొట్టు పెడతారు. ఆ రోజు భట్టీ రాత్రీ పగలూ నడిచిందని ఏ రికార్డులో ఉన్నా అది దొంగ రికార్డని ఇక్కడ ఎవరైనా చెప్తారు. ఆడిటర్ ఆ పేజీ తిప్పిన క్షణం సూరజ్ కథ ముగుస్తుంది.

సూరజ్ కాలమ్‌లు నిండాయా లేదా అని మాత్రం చూశాడు. శాబాష్ అన్నాడు. తేదీ చూడలేదు. బయటికి వచ్చి స్టోర్‌రూమ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 13

ఆపరేటర్ సంతకాలు కావాలి. రిజిస్టర్ మావయ్య దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

ఆయన మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం పక్క నుంచి నాన్నతో కలిసి ఒకే రైలెక్కి ఈ ఊరు వచ్చినవాడు. బిర్సానగర్‌లో మా వెనక లైనులోనే ఇల్లు. నాన్న పోయాక నన్ను ఈ షాపులో చేర్పించింది ఆయనే. మైక్రోమీటర్ బిగించకూడదు, అది దానంతటది ఆగాలి అని చెయ్యి పట్టుకుని నేర్పిందీ ఆయనే.

ఏటి బుల్లీ ఇది అన్నాడు. పాత రిజిస్టర్ పోయింది మావయ్యా, వీటి మీద సంతకాలు పెట్టు అన్నాను. నువ్వెట్టమంటే ఎట్టనేటి అని కళ్లజోడు పంచెతో తుడుచుకున్నాడు. తెలుగులో ఒక్కో అక్షరమే పేర్చి పెడతాడు సంతకం. పేజీలు దాటుకుంటూ వచ్చి 17 దగ్గర పెన్ను ఆపాడు. నా మొహంలోకి చూశాడు. చుట్టూ మనుషులున్నారు కాబట్టి నేనేమీ అనలేదు, కళ్లతోనే నవ్వాను. ఆయన తల దించి పెట్టేశాడు. ఆయనకి అర్థమైపోయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

మన నేవీ ఓడని విడిపించింది. పదిహేడు మంది ప్రాణాలతో దొరికారు. ఒకరు చనిపోయారు. ఓడలో వంటమనిషట. డ్రోన్ పడ్డాక ఆరు గంటలు ఓడ ఎటు పోయిందో కనిపించలేదు, ఆయన పోయింది ఆ ఆరు గంటల్లోనే అని చెప్తున్నారు. డ్రోన్ పైన ఉండి ఉంటే బతికేవాడా? ఎవరికి తెలుసు. నాకూ తెలియదు. అమ్మకి ఇవాళ ఉపవాసం. నాకు ఉపవాసం లేదు, అయినా ముద్ద దిగలేదు.

ఫిబ్రవరి 16

సూరజ్ షాపు గేటుకి జెండా కట్టించాడు. పొద్దున అందరినీ నిలబెట్టి ఆ వంటమనిషి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. నేను మూడో వరసలో ఉన్నాను, మొహం కోపంగా ఉంది. చూసినవాళ్లు దేశభక్తి అనుకుంటారు.

ఫిబ్రవరి 17

రేపే. చీర ఇస్త్రీ చేసుకున్నాను. పెళ్లిచూపులకి కూడా ఇంత ఎదురుచూడలేదు.

ఫిబ్రవరి 18, సాయంత్రం 6.15

ఆడిటర్ పేరు నాగేంద్రబాబు. విశాఖపట్నం మనిషి! నా పేరు పద్మశ్రీ అని విని, తెలుగువారా, ఇక్కడ కూడా మనవాళ్లున్నారా అన్నాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. దేవుడు ఏరికోరి మనవాడినే పంపాడనుకున్నాను.

మెత్తని మనిషి. చాయ్‌లో చక్కెర వద్దన్నాడు. రిజిస్టర్ తీశాడు, వేలితో వరసలు దిగుతూ వచ్చాడు. లాట్ 41. సెప్టెంబర్ 17. ఆగాడు. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాడు. ఫోన్‌తో పేజీ ఫొటో తీసుకుని తర్వాతి పేజీ తిప్పాడు.

అంతే!

నేను ఉండబట్టలేక, సార్ ఆ తేదీ ఒకసారి చూడండి అని దాని మీద వేలు పెట్టాను. చూశాడు. బుధవారం, వర్కింగ్ డేనే కదమ్మా, ఏం అన్నాడు. సూరజ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు ఆ నాగేంద్రబాబు తన తెలివికి తానే మురిసిపోతూ చెప్పాడు. తేదీల విషయంలో నేను చాలా కేర్‌ఫుల్ అమ్మా, దొంగ రికార్డు రాసేవాళ్లు ఆయుధపూజ రోజు మర్చిపోయి మెషీన్ నడిపేస్తారు, అక్కడే దొరికిపోతారు, అందుకని నేను ముందే అక్టోబర్ ఒకటి చూశాను, మీరు ఖాళీగా ఉంచారు, వెరీ గుడ్ అన్నాడు.

అక్టోబర్ ఒకటి. దసరా నవమి. ఆంధ్రాలో పనిముట్లకి పూజ అప్పుడు. నాకు తెలియదా? తెలుసు. చిన్నప్పుడు పలాసలో అత్త ఇంట్లో కుట్టుమిషన్‌కి పసుపు రాయడం చూశాను. కానీ నేను పుట్టింది ఇక్కడ. నాకు సెప్టెంబర్ 17 అంటే ఆగస్టు 15 లాంటిది. దేశమంతటికీ తెలుసనుకున్నాను. మనవాడొచ్చాడని సంబరపడ్డాను, వాడు మనవాడు కాబట్టే వాడికి తెలియలేదు.

సూరజ్ రిజిస్టర్ తన వైపు తిప్పుకున్నాడు. తేదీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చూశాడు. తర్వాత, సార్ చాయ్ చల్లారిపోతోంది అన్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క వాక్యం. సార్, ఈ ఊళ్లో ఆ రోజు భట్టీ నడవదు అని. తెలుగులోనే చెప్పొచ్చు, సూరజ్‌కి ముక్క కూడా అర్థం కాదు. నోరు తెరిచాను. మళ్లీ మూసేసి చాయ్ కప్పు ఆయన వైపు జరిపాను.

ఆయన వెళ్లాక సూరజ్ నా టేబుల్ దగ్గర ఆగి చాలా నెమ్మదిగా అడిగాడు, రిజిస్టర్‌లో రైటింగ్ ఎవరిది బేటీ అని.

ఫిబ్రవరి 19

నన్ను నేను తిట్టుకోవడానికి తెలుగు చాలడం లేదు. హిందీ కూడా వాడాను.

ఫిబ్రవరి 25

బెంగళూరు రిపోర్టు వచ్చింది. రికార్డుల ప్రకారం హీట్ ట్రీట్‌మెంట్ జరిగింది. అయినా ముక్క మెత్తగా ఉంది. కాబట్టి టెంపరేచర్ గమనించకపోవడం ఆపరేటర్ నిర్లక్ష్యం. ఆపరేటర్ పేరు: అసిరయ్య.

పదకొండు గంటలకి మావయ్య గేట్‌పాస్ లాక్కున్నారు. మార్చి 6న ఢిల్లీ నుంచి ఆఫీసర్లు విచారణకి వస్తారు, గెస్ట్‌హౌస్‌కి వెళ్లి స్టేట్‌మెంట్ ఇవ్వాలి, కేసు కూడా కావచ్చు అని చెప్పారు. ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని, భట్టీ తలుపు మీద ఒకసారి చెయ్యి ఆనించి వెళ్లిపోయాడు. పాతికేళ్లుగా వేళ్లు కాల్చుకున్న మనిషి. కాయిల్ కాలిపోయింది మొర్రో అని అరిచిన ఒకే ఒక్క మనిషి. తప్పు చేసినవాడు ఏసీలో కూర్చున్నాడు. తప్పు రాసినదాన్ని నేను ఫ్యాన్ కింద కూర్చున్నాను. వద్దన్నవాడు రోడ్డు మీద నడిచిపోతున్నాడు. కడుపు మండిపోతోంది. ఎవడి పీక పిసకాలో తెలియక స్కేలు విరగ్గొట్టాను. అది నా స్కేలే.

ఫిబ్రవరి 27

బిర్సానగర్ అంతా పాకింది. టీ కొట్టువాడు మావయ్యకి గాజు గ్లాసు ఇవ్వకుండా కాగితం కప్పులో పోశాడట. వెనక నుంచి ఎవరో గద్దార్ అన్నారట, దేశద్రోహి అని. టీవీలో దేశం పేరు కోసం వెతికారు కదా, ఇదిగో దొరికాడు, మా వెనక లైనులో.

ఇవాళ వాళ్లింటికి వెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. చెప్పేశాను. ఆ 17 నేను కావాలనే వేశాను మావయ్యా, ఆడిటర్ పట్టుకుంటాడనుకున్నాను, నీకు అప్పుడే అర్థమైందనుకున్నాను అన్నాను.

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టాడు. నాను అలాగ అనుకోలేదు బుల్లీ అన్నాడు. పూజ దినం ఏసినావేటి, పిల్ల తప్పు రాసేసింది అనుకున్నాను అన్నాడు. మరి అడగలేదేం అన్నాను. పదిమంది ఉన్నారు గదా, అడిగితే నీ తప్పు నానే బయటెట్టినట్టు కాదేటి, నీ ఉద్యోగానికి ఎసరొత్తాదని సంతకం ఎట్టేసినాను అన్నాడు.

మళ్లీ చిక్కుడుకాయలు తీసుకున్నాడు. నేను గుమ్మం దాటుతుంటే, అన్నం తిని ఎల్లమ్మా అన్నాడు. ఎలా తినను?

మార్చి 3

ఫౌండర్స్ డే, పెద్ద ప్లాంటు పెట్టినాయన పుట్టినరోజు. ఊరంతా లైట్లు. ఆరో తేదీన మావయ్యతో పాటు వెళ్లి నిజం చెప్తానని అమ్మతో అన్నాను. దొంగ రికార్డు రాసినందుకు నిన్ను లోపలేత్తారే అంది. తర్వాత ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. లైట్లు చూడటానికి ఎవరమూ వెళ్లలేదు.

మార్చి 6, శుక్రవారం, సాయంత్రం 5

వెళ్లలేదు.

సూరజ్ నాకు ఇవాళ పొద్దున అర్జెంట్ ఇన్‌స్పెక్షన్ వేశాడు. వేస్తాడని నాకు తెలుసు. డ్యూటీ ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బోల్టులు కొలిచాను. ఆరు వందల బోల్టులు, అన్నీ ఓకే.

ఇంటికి వచ్చేసరికి మావయ్య భార్య అమ్మణ్ణత్త మా గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు కూడా ముడి వేసుకోలేదు. సల్లగున్నావేటే, ఇప్పుడు సల్లగున్నావేటే అని మొదలుపెట్టింది. మావయ్య గెస్ట్‌హౌస్‌లో ఆఫీసర్ల ముందు ఏం చెప్పాడో అప్పుడు తెలిసింది. ఆ దినం భట్టీ ఎలిగించింది నానే, తేదీ సెప్పి రాయించింది నానే, ఆ రాసిన గుంటకేటీ తెల్దు అన్నాడట. కాగితం మీద రాసుకున్నారట. సంతకం పెట్టాడట, ఒక్కో అక్షరమే పేర్చి.

పూజ దినం భట్టీ ఎలిగించినానని ఒప్పుకున్నాడే నీకోసం అంది అత్త. కేసు కన్నా అదే ఆవిడకి ఎక్కువ బాధగా ఉంది. ఆయనకీ అంతేనట. ఇంటికి వచ్చి దేవుడి మూల వైపు వెళ్లకుండా దొడ్డిలో కూర్చున్నాడట. నాను మైల పడ్డాను, నాకు కూడెట్టకు అంటున్నాడట.

ఎవరు చెప్పమన్నారు ఆయన్ని? ఎవరడిగారు ఈ దానం? ఆయన మీద కూడా కోపం వచ్చింది. అందరికన్నా ఆయన మీదే ఎక్కువ వచ్చింది. నన్ను చిన్నపిల్లని చేసి చేతిలో పిప్పరమెంటు బిళ్ల పెట్టినట్టు పెట్టాడు. నాకు ముప్పై ఒకటి.

మార్చి 7, ఉదయం 11.20

సెలవు పెట్టాను. ఫోన్‌లో కిందటి సెప్టెంబర్ ఫొటోలన్నీ వెతికాను. దొరికింది. సెప్టెంబర్ 17, ఉదయం 10.52.

భట్టీ తలుపు బార్లా తెరిచి ఉంది. బంతిపూల దండ. తలుపు మీద అయిదు బొట్లు, నేను పెట్టినవే. లోపల ముక్కలు పెట్టే ట్రేలో బూందీ, అరటిపళ్లు. కాయిల్ ఉండాల్సిన చోట ఊడదీసిన వైర్లు వేలాడుతున్నాయి. మావయ్య చేతులు జోడించి ఉన్నాడు, పక్కన నేను. ముందు వరసలో చెప్పులు విడిచి కొబ్బరికాయ పట్టుకుని నిలబడినవాడు సూరజ్.

మెయిల్ రాశాను. ఢిల్లీ ఆఫీసర్లకి, నాగేంద్రబాబుకి కూడా. విశ్వకర్మ పూజ అంటే ఏమిటో మూడు లైన్లలో చెప్పాను. కాయిల్ ఎప్పుడు కాలిందో, లారీ ఎప్పుడు కదిలిందో చెప్పాను. ఖాళీ కాలమ్ మీద స్టాంపు కొట్టింది నేను, రిజిస్టర్ మొత్తం రాసింది నేను, అసిరయ్యగారు నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పారు అని రాశాను. ఫొటో అతికించాను.

అమ్మ వెనక నిలబడి ఫొటో చూసింది. అక్షరాలు చదవలేదు కానీ బొమ్మ అర్థమైంది. ఎంత బాగా నవ్వుతున్నావే ఇందల అంది. పంపుతున్నానమ్మా అన్నాను. పంపితే పంపు, నా ఎదర మాత్రం నొక్కకు అని వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు తోముతున్న చప్పుడు వచ్చేదాకా ఆగి నొక్కాను.

మార్చి 9

సూరజ్ పదిహేడు సార్లు ఫోన్ చేశాడు. పద్దెనిమిదోసారి ఎత్తాను. మేడమ్ అన్నాడు.

మార్చి 10, మంగళవారం

గెస్ట్‌హౌస్‌కి పిలిచారు. పేరు అడిగారు, చెప్పాను. సెప్టెంబర్ 17న భట్టీ నడిపిన ఆపరేటర్ ఎవరని అడిగారు. నేనే అన్నాను. మీరు ఇన్‌స్పెక్టర్ కదా అన్నారు. అవును, ఆ రోజు భట్టీని నడిపింది నేనొక్కదాన్నే, ఫిబ్రవరి పన్నెండున నడిపాను, పెన్నుతో నడిపాను అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాగే రాసుకోండి అన్నాను. రాసుకున్నారు.

కింద సంతకం పెట్టి తేదీ వెయ్యమన్నారు. ఇవాళ్టి తేదీ వేశాను.